ఒక్క లెన్సుతో భివండీ

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కెమేరాకు లెన్సు కొని చూడు అని మాత్రం అనలేదు. వారి రోజుల్లో ఆ చిక్కు లేదు. మా చిన్నతనంలో కామత్‌ఘర్‌లో మా వరుసలోనే ఒకాయన దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ అనే కెమేరా వుండేది. నల్లటి పెట్టె, ముందు ఒకే ఒక అద్దం, లోపల ఫిల్ము చుట్టకు పన్నెండు బొమ్మలు. మనిషి పెద్దగా కనపడాలంటే ఆయన నాలుగడుగులు ముందుకు వచ్చేవాడు. ఇల్లంతా పట్టాలంటే మురుగు కాలువ దాకా వెనక్కు నడిచేవాడు. ఆయన కాళ్ళే ఆయన లెన్సు.

ఇప్పుడా సౌఖ్యం లేదు. ఈ శ్రావణంలో మాకు నలభై వేల చీటీ చేతికి వచ్చింది. వచ్చిన నాటినుంచి ఇంట్లో ఒకటే చర్చ. పాత కెమేరా తీసేసి కొత్తది కొనడమా, పాతదానికే అన్ని పనులకూ పనికి వచ్చే ఒక మంచి లెన్సు కొనడమా? మా వాడు, "ఫోన్ వుండగా రెండూ ఎందుకు నాయినా?" అన్నాడు. మా ఇంటావిడ మూడు మాటలూ విని, ఇంటి కప్పు కారుతున్న సంగతి జ్ఞాపకం చేసింది.

మేమెవరమో కొత్త పాఠకులకు చెప్పుకోవాలి. మెట్రిక్యులేషన్‌తో చదువుకు స్వస్తి చెప్పి, అంజూర్‌ఫాటా వైపున ఒక గోదాములో లారీల లెక్క వ్రాసుకునే గుమాస్తాలం. పగలంతా మరాఠీలో చలానులు, రాత్రి తీరికైతే తెలుగులో ఇట్లాంటి వ్యాసాలు. ఇక భివండీ సంగతి మన కుటుంబాలకు వేరే చెప్పనక్కర లేదు. ఠాణా జిల్లాలో, బొంబాయికి ఈశాన్యంగా వున్న ఈ వూరికి కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుంచి మన పద్మశాలీలు నేత పని వెతుక్కుంటూ వచ్చారు. పద్మనగర్‌లో అంగళ్ళ మీద తెలుగు అక్షరాలు, సందుల్లో తెలుగు తిట్లు నేటికీ వినవచ్చు, కనవచ్చు. మరమగ్గాన్ని మనవాళ్ళు సాంచా అంటారు. సాంచాల చప్పుడు లేని రోజున మా పిల్లలకు నిద్ర పట్టేది కాదు.

మా బాపు పద్దెనిమిదో ఏట సిరిసిల్ల వైపునుంచి వచ్చి, అప్పటినుంచీ సాంచా ముందే నిలబడ్డాడు. ఇప్పుడు డెబ్బయ్యికి దగ్గర. అయినా ఎవరైనా పాళీకి రాకపోతే బదిలీకి ఆయననే పిలుస్తారు. ఆషాఢంలో గాలా యజమాని ఒక మాట చెప్పాడు. దీపావళి తరువాత ఆ గాలాలోని సాంచాలన్నీ భంగారుకు అమ్మి, జాగా అద్దెకు ఇస్తాడట. బాపు ఆ మాట ఇంట్లో చెప్పి, అన్నం కలుపుకుంటూ వుండిపోయాడు.

అప్పుడు మాకొకటి తోచింది. మా అమ్మ ఇరవై ఏండ్లు కండెలు చుట్టింది. ఆ కండెల యంత్రం దగ్గర కూర్చున్న ఫొటో ఆమెది ఒక్కటీ లేదు. పెండ్లిళ్ళలో గుంపు మధ్య నిలబడ్డవి రెండు, రేషను కార్డుకని తీసినది ఒకటి. ఆమె పోయిన తరువాత గోడకు తగిలించినది ఆ రేషను కార్డు ముఖాన్నే. బాపు విషయంలో అట్లా జరగగూడదనుకున్నాం. సాంచాలు పోయేలోగా ఆయన పని చేస్తూ వుండగా ఒక మంచి బొమ్మ కావాలి. మా చర్చకు అసలు కారణం ఇది.

మా కెమేరా నికాన్ డి 3200. 2012లో వచ్చిన మోడలు. మేము ఒకరు వాడినది కొన్నాం. రెండు కోట్ల నలభై రెండు లక్షల చుక్కలతో బొమ్మ కడుతుంది. దానితో వచ్చినది 18-55 లెన్సు. ఈ అంకెలు మిల్లీమీటర్లు. అంకె చిన్నదైతే దృశ్యం విశాలంగాను, పెద్దదైతే దూరపు వస్తువు దగ్గరగాను పడుతుంది. రెండంకెలు వుంటే ఆ నడుమ ఎక్కడికైనా తిప్పుకోవచ్చునన్నమాట. ఇట్లా తిరిగే లెన్సును మామూలు ఫొటో కెమేరాకు మొదట తెచ్చినది ఫొయిక్ట్‌లెండర్ జూమర్ అంటారు. అది 1959లో వచ్చింది, 36 నుంచి 82 దాకా. అంతకు పూర్వం ఫొటోగ్రాఫరు సంచిలో రెండు మూడు లెన్సులు మోయవలసిందే.

పద్మనగర్‌లో పెండ్లి ఫొటోలు తీసే మిత్రుడొకాయన మా గోడు విని, తన 18-140 లెన్సును మూడు ఆదివారాలకు ఎరువిచ్చాడు. "కొనే ముందు మీ తిరుగుడు ఏమిటో చూసుకోండి అన్నా" అన్నాడు. ఆ సలహా లక్ష రూపాయలది.

మొదటి ఆదివారం వజ్రేశ్వరి వెళ్ళాం. మన భివండీ తాలూకాలోనే, తాన్సా నది ప్రాంతంలో వున్న దేవస్థానం. 1739లో చిమాజీ అప్పా పోర్చుగీసువారినుంచి వసయి కోట గెలిచిన తరువాత, మొక్కు తీర్చుకొనడానికి ఈ గుడి కట్టించాడని చెపుతారు. కోటగుమ్మం వంటి వాకిలి, మెట్లు, పైన గుడి. కింద నిలబడి 18 దగ్గర పెడితే వాకిలీ మెట్లూ జనమూ అంతా వచ్చింది. అక్కడినుంచే 140కి తిప్పితే పైమెట్టు మీద అలిసి కూర్చున్న మా అత్తగారి ముఖం పడింది. ఆకులోలి వేడినీటి గుండాల దగ్గర పిల్లలు కాలు పెట్టి కెవ్వున వెనక్కు దూకడం, అడుగు కదపకుండా తీశాం. సర్వార్థసాధక లెన్సంటే ఇదే, చీటీ డబ్బుకు దారి దొరికిందని ఆ రాత్రి నిశ్చయించుకున్నాం.

రెండో ఆదివారం లోనాడ్. భివండీనుంచి దూరం కాదు. అయినా మనవారిలో చూసినవారు తక్కువ. వూళ్ళో శిలాహార రాజుల కాలపు శివాలయం శిథిలంగా నిలిచివుంది. దగ్గర గుట్టలో ఖండేశ్వరి గుహ. పూర్వం బౌద్ధులు తొలిపించి, పని ముగియకుండా వదిలినది. లోపల రాజసభ వలె కనిపించే ఒక శిల్పఫలకం వుంది. వర్షాకాలపు పచ్చదనంలో బయటి బొమ్మలన్నీ చక్కగా వచ్చాయి. గుహలోకి వెళ్ళేసరికి వెలుతురు తగ్గింది. గోడకు మోచేయి ఆనించి, ఊపిరి బిగబట్టి, సెకనులో ఎనిమిదో వంతు సేపు లెన్సు తెరిచాం. చేతి వణుకును సర్దే యంత్రాంగం ఆ లెన్సులోనే వుంది. శిల్పం స్పష్టంగా వచ్చింది. ఇక సందేహమే లేదనుకున్నాం.

మూడో ఆదివారం గాలాకు వెళ్ళాం. అక్కడ మా నిశ్చయం కుప్పకూలింది.

సాంచాల గాలా లోపల ఎప్పుడూ సంధ్యవేళే. రేకుల కప్పు, దుమ్ము పట్టిన గొట్టపు దీపాలు, గాలిలో మంచు కురిసినట్టు దూది నుసి. పాత రకం సాంచాలో నాడె నిమిషానికి నూరు సార్లకు పైగా ఈ కొసనుంచి ఆ కొసకు కొట్టుకుంటుంది. బాపు ఒక సాంచా దగ్గర కండె మారుస్తాడు, ఇంకొక దాని దగ్గర తెగిన పోగు ముడి వేస్తాడు, ఈలోగా మూడోది ఆగుతుంది. గుహలో చేసినట్టే మోచేయి ఆనించి తీశాం. సాంచా స్పష్టంగా వచ్చింది. బాపు వుండవలసిన చోట తెల్లటి పొగ వచ్చింది. రాయి కదలదు, బాపు కదులుతాడు. వణుకు సర్దే యంత్రాంగం తీసేవాడి చేతిని పట్టుకుంటుంది గాని, ఎదుటివాడి చేతిని పట్టుకోలేదు.

వేగం పెంచి సెకనులో రెండువందల యాభయ్యో వంతు పెట్టాం. అప్పుడు బొమ్మ చీకటి. పైగా దానిమీద అడ్డచారలు. మన కరెంటు సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ పోతుంది గనుక, పాతరకం చోకుల గొట్టపు దీపం సెకనుకు నూరు సార్లు మిణుకుతుంది. కంటికి తెలియదు, కెమేరాకు తెలుస్తుంది. నూరో వంతు గాని, యాభయ్యో వంతు గాని పెడితే ఆ చారలు పోతాయి. సరే, నూరో వంతు పెట్టి, ఐఎస్‌ఓను 6400కు పెంచాం. బొమ్మంతా ఇసుక చల్లినట్టు వచ్చింది.

ఆ సాయంత్రం కెమేరాను టీవీకి తగిలించి బాపుకు బొమ్మలు చూపించాం.

"ఏంది బిడ్డా, అన్ని మబ్బుల దీసినట్టున్నయ్. నా మొకం ఏడుంది?" అన్నాడు.

సిగ్గుపడి, పోనీ ఇవి చూడమని వజ్రేశ్వరి బొమ్మలు పెట్టాం. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసినవి.

"గివి గూడ మబ్బులనే ఉన్నయ్ గద" అన్నాడు బాపు.

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మా ఇంటావిడ లేచి దీపం వేసి, ఆయన గడ్డం పట్టుకుని కండ్లలోకి చూసింది. ఎడమ కంటిపాప మీద పాలపొర. కుడికంటిలో కొంచెం. ఎన్నాళ్ళనుంచి అని అడిగితే, "ఏడాదాయె. చెప్తే పాళీకి పిలుస్తరా?" అన్నాడు. ఆ కన్నుతోనే పట్టీలు గిర్రున తిరుగుతున్న సాంచాల నడుమ ఆయన నడుస్తున్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మా గుండె ఝల్లుమంటుంది.

కంటి డాక్టరు పరీక్షించి ఆపరేషన్ చేయాలన్నాడు. రెండు నెలలు ఆగినా ప్రమాదం లేదని, అయితే యంత్రాల దగ్గర పని మానమని చెప్పాడు. పాడైన కంటి లెన్సు తీసి, లోపల కొత్త లెన్సు పెడతారు. ఇట్లా కంటిలో కృత్రిమ లెన్సు అమర్చడం మొదట చేసినవాడు లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు, 1949లో. యుద్ధంలో విమానాల అద్దాలు పగిలి ఆ తునకలు పైలట్ల కండ్లలో వుండిపోయినా కన్ను చెడకపోవడం చూసి, ఆయనకు ఆ ఊహ వచ్చిందట.

ఆ తరువాత డాక్టరు అడిగిన ప్రశ్న విని మేము నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నాం. "ఒకే దూరానికి పనికివచ్చే లెన్సు పెట్టమంటారా, అన్ని దూరాలకూ పనికివచ్చేదా?" అన్నాడు. మొదటిదైతే దూరం తేటగా కనబడుతుంది, దగ్గరకు కండ్లజోడు కావాలి. రెండోదానికి ఖర్చు హెచ్చు. జోడు అవసరం తగ్గుతుంది గాని, కొందరికి రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, తేటదనం కొంచెం తగ్గుతుంది. మా నెలరోజుల చర్చనంతా ఆయన రెండు వాక్యాల్లో చెప్పేశాడు. అన్నిటికీ పనికివచ్చేది ఏదైనా, ప్రతిదానిలోను కొంచెం కొంచెం వదులుకుంటుంది. దేన్ని వదులుకోగలమన్నదే ప్రశ్న.

ఇంటికి వచ్చి మేమొక పని చేశాం. లెన్సు కొనదలచినవారు ఎవరైనా దీన్ని చేయవచ్చు, ఖర్చు లేదు. డిజిటల్ కెమేరా తీసిన ప్రతి బొమ్మలోను అది ఎంత మిల్లీమీటర్ల దగ్గర తీసినదో వ్రాసి పెట్టుకుంటుంది. పాత బొమ్మలు మూడువేల దాకా వున్నాయి. వాటిలో అచ్చు వేయించి ఆల్బములో అంటించినవి అరవై. ఆ అరవై లెక్క చూస్తే, నలభై ఒకటి 24కూ 40కీ నడుమ తీసినవే. మేము ఇష్టపడినది గుడి శిఖరాలను కాదు, నాలుగడుగుల దూరంలో వున్న మనుషులను. 140 దాకా మా చేయి పోయేది గాని, మనసు పోయేది కాదు.

కల్యాణ్ దాకా షేర్ రిక్షా, అక్కడినుంచి లోకల్ బండి. ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దిగి బోరా బజారుకు నడిచాం. ఫొటో సామాను అంగళ్ళు వరుసగా వున్న వీధి అది. ఒక అంగడిలో వయసు మళ్ళిన గుజరాతీ ఆయన మా గాలా బొమ్మలు చూసి, కొత్త కెమేరా వూసు ఎత్తకుండా కాగితం మీద లెక్క వేసి చూపించాడు.

మా పాత లెన్సు 35 దగ్గర పెడితే దాని కన్ను ఎంత విప్పినా ఎఫ్ 4.5 దాకానే. 35 మిల్లీమీటర్ల ఒంటి లెన్సు ఎఫ్ 1.8 దాకా విప్పుకుంటుంది. ఈ అంకె తగ్గినకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు హెచ్చుతుంది. 4.5ను 1.8తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి. ఆరుంబావు. అంటే ఆరు రెట్ల వెలుతురు. ఇక కొత్త కెమేరా సంగతి. మాదానికంటె పెద్ద సెన్సారు, పూర్తి ఫిల్ము అంత కొలత గలది తీసుకుంటే, ఆ సెన్సారు వైశాల్యం మాదానికి రెండుంబావు రెట్లు. లాభం వుంది, కాని దానికి తగిన లెన్సులు మళ్ళీ కొనాలి. ఇప్పటి కెమేరాల్లో దీపాల మిణుకును కనిపెట్టే ఏర్పాట్లు, చీకట్లో ముఖాన్ని పట్టుకునే తెలివి వున్న మాట నిజమే. అయితే నలభై వేలతో వెలుతురు కొనదలచినవాడు ముందు లెన్సు కొనాలి, ఆ తరువాతనే కెమేరా. ఇది ఆయన తీర్పు.

ఒంటి 35 లెన్సు నికాన్‌వారు 2009లో తెచ్చినది. మా కెమేరా ఒంట్లో మోటారు లేదు గనుక, లెన్సులోనే మోటారు వున్న రకమే కొనాలి. ఇది ఆ రకమే. ఒకరు వాడినది చవకగా దొరికింది. వాడిన లెన్సు కొనేటప్పుడు వెనకనుంచి టార్చి వేసి చూడాలి. మన ప్రాంతపు వర్షాకాలపు చెమ్మకు అద్దాల నడుమ సాలెగూడు మాదిరి బూజు పడుతుంది. అట్లాంటిది ఎంత చవకైనా వద్దు. ఇంట్లో కూడా మూత గట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచుకోవాలి.

మిగిలిన డబ్బు బాపు కంటికి తీసిపెట్టాం. కొత్త కెమేరా మాట ఆ తరువాత ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కప్పు మాత్రం ఇంకా కారుతున్నది.

దీపావళికి వారం ముందు, యజమానిని అడిగి బాపును చివరిసారి గాలాకు తీసుకువెళ్ళాం. ఒక్క సాంచా చాలునని, దాని దగ్గరే వుండమని మాట తీసుకున్నాం; పక్క సాంచాల కుర్రవాడు ఒక కన్ను ఆయనమీద వేసి వుంచాడు. లెన్సును బయట రోడ్డుమీదనే బిగించుకుని వెళ్ళాం. లోపల లెన్సు విప్పితే నుసి కెమేరాలోకి పోయి సెన్సారు మీదికి చేరవచ్చు. ఒంటి లెన్సుకు తిప్పుడు లేదు గనుక, కామత్‌ఘర్ పెద్దమనిషి లాగా మా కాళ్ళే నడిచాయి. రెండు అడుగులు ముందుకు, ఒకటి పక్కకు. నూరో వంతు, ఐఎస్‌ఓ 800. బాపు పన్నె మీదికి వంగి, వేళ్ళతో గుడ్డ తడుముతూ చూస్తున్నాడు. ఆయన ముఖం, ఎడమచేయి, ముందరి గుడ్డ అంగుళమంత మేర తేటగా వచ్చాయి. వెనక గాలా అంతా మసక. నాడె మాత్రం దొరకలేదు. నూరో వంతు సెకనులో కూడా అది జానెడు దూరం పోయింది కాబోలు, గీతగా పడింది. అది గీతగా వుండడమే సబబు. ఎన్నడూ నిలిచి చూడని వస్తువు అది.

దీపావళి వెళ్ళింది. సాంచాలు లారీ ఎక్కాయి. ఆ రోజు బాపు ఇంట్లోనే వున్నాడు. కార్తీకంలో ఎడమకంటికి ఆపరేషన్ అయింది. ఒకే దూరపు లెన్సే పెట్టించాం. దగ్గరకు కండ్లజోడు వచ్చింది. దూరపు లెన్సు ఆయనకు పనికివచ్చిందని వెంటనే తెలిసింది. సాయంత్రం వరాలదేవి చెరువు గట్టుకు నడిపిస్తే, అవతలి ఒడ్డున ఎవరెవరు కూర్చున్నారో పేర్లతో చెప్పాడు.

ఆ బొమ్మను పెద్దది చేయించి, చట్రం కట్టించి, ఒక ఆదివారం ఆయన చేతిలో పెట్టాం. జోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ముఖం ఎట్లా వచ్చిందో చెపుతాడని ఇంటిల్లిపాదిమీ చుట్టూ నిలబడ్డాం. ఆయన ముఖం వైపే చూడలేదు. కింద కుడిమూలన గుడ్డమీద వేలు పెట్టాడు.

"గీడ పోగు తెగింది బిడ్డా. ఆ దినం నాకు గనవడలే" అన్నాడు.

మేము వంగి చూశాం. నిజమే. వెంట్రుకంత సందు, పడుగు వెంబడి పైదాకా. బొమ్మను ఎన్నిసార్లు చూసినా మా కంటికి అది ఆనలేదు.

"తాను మొత్తం గట్లనే పోయిందో ఏమో" అంటూ బాపు చట్రాన్ని వెలుతురు వైపు తిప్పుకున్నాడు.